నాచారం వైన్ షెడ్డులో మాల వేసుకున్న స్వామి

నిరుడు నాసిక్ దాకా వెళ్ళి, ఎండలో చెమటలు కక్కుతూ ద్రాక్షతోటలు చూసి, గాజు గ్లాసు తిప్పి తిప్పి వాసన పీల్చడం నేర్చుకుని వచ్చినదాన్ని నేను. అలాంటిది మొన్న మా ఆఫీసులో ఒకావిడ తెచ్చిన వైన్ సీసా మీద చిరునామా చదివి నోరు వెళ్ళబెట్టాను. నాచారం! రామంతాపూర్‌లో మా ఇంటి నుంచి ఆటోలో వెళ్ళొచ్చేంత దూరం. ఇంటి పక్కన పెట్టుకుని ఊళ్ళు పట్టుకు తిరిగానన్న ఉక్రోషం ఒకటి, ఫ్యాక్టరీల మధ్య వైన్ తయారవడం ఏమిటన్న అనుమానం ఒకటి, రెండూ కలిసి కార్తీక మాసపు ఆదివారం పొద్దున్నే నన్ను ఇంట్లోంచి తరిమాయి. సీసా మీది నంబరుకు ముందురోజు ఫోన్ చేస్తే, "పది గంటలకు రాండ్రి మాతా, సూపిస్త" అన్నాడొకాయన. వైన్ చేసే మనిషి నన్ను మాతా అని పిలవడమేమిటో అప్పటికి నాకు అర్థం కాలేదు.

తొమ్మిదింటికి బయల్దేరాను. ఉప్పల్ చౌరస్తా దాకా షేర్ ఆటోకు పది రూపాయలు. ఆదివారం కాబట్టి బతికిపోయాను గానీ, మెట్రో కోసం రోడ్డంతా తవ్విపోసిన ఈ రోజుల్లో మామూలు రోజున వెళ్ళేవాళ్ళు అరగంట ముందే బయల్దేరండి. చౌరస్తా నుంచి హబ్సిగూడ మీదుగా నాచారం పారిశ్రామికవాడకు విడిగా ఆటో మాట్లాడుకుంటే, డ్రైవరు ఎనభై అడిగి అరవైకి దిగాడు. ఎక్కడికో చెప్పగానే వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూశాడు. "ఆడ ద్రాక్షపండ్ల కంపెనీ ఏం లేదు మేడం. అప్పడాలది ఉన్నది, ప్లాస్టిక్ డబ్బాలది ఉన్నది. మీకెవరో తప్పు చెప్పిన్రు" అన్నాడు. ఆయన చెప్పిన ఆ అప్పడాల షెడ్డుకీ, డబ్బాల షెడ్డుకీ మధ్యనే నేను వెతుకుతున్న రేకుల షెడ్డు ఉంది. ఆటో ఆపి, ముక్కు ఎగబీల్చి, "ఏదో పులిసిన వాసనొస్తుంది, గిదే ఉంటది" అని ఒప్పుకున్నాడు పాపం.

లోపలికి తొంగి చూసి, తప్పు చోటుకు వచ్చానేమో అనుకున్నాను. నల్లబట్టలు, మెడలో తులసిమాలలు, నుదుట గంధం, కాళ్ళకు చెప్పులు లేవు. ఇద్దరు అయ్యప్ప స్వాములు స్టీలు డ్రమ్ములు కడుగుతున్నారు. మూలన టేపురికార్డరులో భజన పాటలు. "చెప్పులు బయట ఇడ్సి రాండ్రి మాతా" అన్నాడు వాళ్ళలో పెద్దాయన. ఆయనే బుచ్చన్న, ఈ షెడ్డు యజమాని. రెండో ఆయన యాదగిరి, పనిలో ఆయనకు తోడు. బుచ్చన్నది బోడుప్పల్. తండ్రి నాటి నుంచీ అనాబ్‌షాహి ద్రాక్ష పండించిన కుటుంబం. చుట్టుపక్కల తోటలన్నీ ప్లాట్లయిపోతుంటే, మిగిలిన ముక్కలోని పండుతో వైన్ చేద్దామని అబ్కారీ లైసెన్సు తెచ్చుకుని ఇక్కడ షెడ్డు పెట్టాడు.

షెడ్డంతా తిప్పి చూపించాడు. నాసిక్‌లో చూసిన మెరిసే యంత్రాలు ఇక్కడ లేవు. పిండిన తొక్కల్లో మిగిలిన రసం తీయడానికి ఆయన వాడేది బట్టలుతికే మిషను! గిర్రున తిరిగినప్పుడు రసమంతా కింది గొట్టంలోంచి కారుతుందట. నేను మొహం పెట్టిన తీరు చూసి కంగారుగా, "కొత్తదే కొన్న మాతా, ఒక్క బట్ట గూడ ఉతకలే" అన్నాడు. అప్పుడే పక్కగది నుంచి వచ్చిన ఆయన భార్య సుగుణమ్మ అందుకుంది. "నాకు కొనియ్యిమని పదేండ్ల సంది అడుగుతున్న. ద్రాక్షతొక్కలకు కొన్నడు, నాకు కొనలే. ఇగ గిప్పుడు మాలేసుకుని నన్ను గూడ మాతా అంటుండు, ఇంటుంటే నవ్వొస్తది" అంది. బుచ్చన్న నవ్వు దాచుకోవడానికి డ్రమ్ము వైపు తిరిగాడు.

మధ్యాహ్నం స్వాములకు వండిన భిక్షలోనే నాకూ పెట్టింది సుగుణమ్మ. ఉల్లి, వెల్లుల్లి లేని పప్పుచారు, దొండకాయ వేపుడు, గడ్డపెరుగు. వైన్ రుచి చూద్దామని వెళ్ళి దొండకాయ వేపుడు మూడోసారి వడ్డించుకున్నానని చెప్పుకోవడానికి నాకేం సిగ్గులేదు. తింటున్నప్పుడే అసలు సంగతి బయటపడింది. ఏటా బుచ్చన్న డ్రమ్ములన్నీ రుచి చూసి, ఏది సీసాల్లోకి ఎక్కించాలో తేల్చుకున్నాకే మాల వేసుకుంటాడు. ఈసారి యాదగిరి మాల వేసుకుంటుంటే తోడుగా గుడికి వెళ్ళాడు. "శరణుఘోష ఇంటుంటే ఆగలేకపోయిన మాతా. నాకు గూడ ఎయ్యున్రి అన్న. ఇంటికొచ్చి డ్రమ్ము మొఖం జూసినంక యాదికొచ్చింది, రుచి సూడలేదని" అన్నాడు. పని చేసుకోవచ్చు గానీ నాలుక మీద చుక్క పడకూడదని గురుస్వామి ఖరాఖండిగా చెప్పాడట. క్రిస్మస్ సీసాలు నింపడం మర్నాడు పొద్దున్నే మొదలుపెట్టాలి.

వైన్ ఉన్నవి రెండు డ్రమ్ములు. ఒకటి మార్కెట్లో కొన్న పండుతో చేసింది, దానితో పెద్ద బెంగలేదు. రెండోది బోడుప్పల్ తోటది. అన్నదమ్ముల పంపకాల్లో ఆ తోట అమ్ముడైపోయింది. వేసవిలో కోత అవగానే తీగలు పీకేశారు. అంటే ఆ తోటలో ఇక మిగిలింది ఈ డ్రమ్ములో ఉన్నదే. అది కూడా మే నెలలో రోజుల తరబడి కరెంటు లేక వేడెక్కిందట. తెల్లగా, తేటగానే ఉంది గానీ, షెడ్డంతా నిండిన పులిసిన వాసనలో ముక్కుకు తేడా పట్టుబడక, సిర్కాగా మారిపోయిందేమోనని ఆయన భయం. సిర్కా అంటే వెనిగర్. మారిపోతే మోరీలో పారబోయాల్సిందే. "పక్క షెడ్డు మేనేజరును అడుగుదమంటే, ఆయనకు ఏది పోసినా మస్తున్నది, ఇంకింత పొయ్యి అంటడు" అని నిట్టూర్చి, నా వైపు ఆశగా చూశాడు. "మీరు నాసిక్ పోయొచ్చిన్రంట గద మాతా."

ముందురోజు ఫోన్‌లో నాసిక్ పేరు ఎందుకు ఎత్తానా అని నన్ను నేను తిట్టుకున్నాను. గ్లాసు తిప్పాను, వాసన చూశాను, నేర్చుకున్న హంగులన్నీ చేశాను. తాగి, "కొంచెం పుల్లగా ఉందండీ" అన్నాను. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు. "ఏ పులుపు మాతా? పచ్చి మామిడికాయ పులుపా, సిర్కా పులుపా?" అన్నాడు. నాకు తేడా తెలిస్తేగా! బిక్కమొహం వేశాను. యాదగిరి వెళ్ళి టేపురికార్డరు ఆపేశాడు.

"ఇటు తేండ్రి" అంది సుగుణమ్మ. పెళ్ళయినప్పటి నుంచీ ద్రాక్షల మధ్యే బతికినా ఒక్క చుక్క వైన్ నోట్లో వేసుకోని మనిషి. బుచ్చన్న ఎన్నిసార్లు బతిమాలినా, మా అవ్వగారింట్ల గా అలవాటు లేదు అని కొట్టిపారేసేదట. "స్వామి ఇంట్ల ఉండంగ నువ్వెట్ల తాగుతవు మాతా?" అన్నాడాయన ఆత్రంగా, భయంగా. "పుక్కిలించి ఉమ్మేస్త. తలస్నానం జేసే పొద్దుగూకినంక దీపం పెడ్త. మాలేసుకున్నది నువ్వు, నేను గాదు" అని స్టీలు గ్లాసు అందుకుంది. మొదట కొన్న పండు డ్రమ్ములోది. కుళాయి దగ్గర ఉమ్మి వచ్చి, "ఇది మా చిన్నచెల్లె అసొంటిది. రాంగనే మస్తు ముచ్చట్లు చెప్తది, పోయినంక ఒక్కటి యాదికుండదు. పాడుగాలే, పనికొస్తది" అంది. నాకు నవ్వు ఆగలేదు.

రెండో గ్లాసులోది నోట్లో పోసుకుని ఆమె కదల్లేదు. కుళాయి వైపు వెళ్తుందేమోనని చూశాను. వెళ్ళలేదు. గుటక వేయడం నాకు కనిపించింది, నేను చూశానని ఆమెకు తెలిసింది. కళ్ళతోనే ఊరుకొమ్మంది. బుచ్చన్న నేల చూపులు చూస్తున్నాడు. "ఏమైంది? పోయిందా?" అన్నాడు. మాతా అనడం కూడా మర్చిపోయాడు.

"పోలే" అంది సుగుణమ్మ. "సిర్కా గాలే. ముందుగల్ల పుల్లగ తాకుతది, ఎన్క నుంచి నిమ్మలంగ తియ్యగొస్తది. పొద్దుగాల తోటకు నీళ్ళు పెడితే, తడిసిన మట్టి మీద పండుటాకు వాసన ఒస్తుండె జూడు, గా వాసన మొత్తం దీంట్ల ఉన్నది." బుచ్చన్న నల్ల కండువా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. కాసేపటికి, "జర ఇంకోసారి చెప్పు" అన్నాడు. ఆమె మళ్ళీ చెప్పింది. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. మూడోసారి అడిగినా విసుక్కోలేదు.

నాలుగింటికి తిరుగు ఆటో ఎక్కాను. కడుపు నిండినట్టే మనసూ నిండింది. నాసిక్‌లో నాకు రుచుల పేర్లు చాలా నేర్పారు. అవన్నీ పండ్ల పేర్లూ, చెక్కల పేర్లూ. ఒక వైన్‌లో ఒక మనిషి బతుకంతా పట్టొచ్చని, ఆ మాట అతనికి చెప్పగలిగిన మనిషి ఇన్నేళ్ళూ పక్కనే అంట్లు తోముతూ ఉండొచ్చని నాకు ఎవరూ చెప్పలేదు. ఇక వెళ్ళాలనుకునేవాళ్ళకు ఒకే సలహా. తోట పండు వైన్ కావాలంటే క్రిస్మస్ లోపే వెళ్ళండి, తర్వాత మిగలదు. పై అరలో చీటీ అంటించని సీసా ఒకటి కనిపిస్తుంది, దాన్ని మాత్రం అడగకండి. మాల తీసిన రోజున స్వామికి పోయడానికి సుగుణమ్మ దాచింది. "ఆయనొక్కడే గాదు" అంది నన్ను సాగనంపుతూ, రెండు గ్లాసులు తుడిచి ఆ సీసా పక్కన పెట్టి.