నలభై నిమిషాల దొంగ హాజరు

పోయిన శుక్రవారం ఇక్కడ గల్ఫ్‌లో, రూవి బజారులోని ఒక మొబైల్ షాపులో నాకు పట్టరానంత కోపం వచ్చింది. ఇన్ని రోజులైనా ఆ కోపం దిగలేదు కనుకనే ఇది రాస్తున్నాను. ఫోన్ అద్దం పగిలితే మార్పించుకుందామని వెళ్ళి వరుసలో నిలబడ్డాను. నా ముందున్న యువకుడు, మాటను బట్టి గోదావరి వైపు వాడు, ఘాలాలో ఏదో గోదాములో పనిచేస్తాడట, ఇంటి దగ్గర పదకొండేళ్ళ కొడుకు ఉన్నాడట, ఆ పిల్లవాడి ఫోన్‌ను ఇక్కడి నుంచే కట్టడి చేసే సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే వేసిపెట్టమని షాపతన్ని అడుగుతున్నాడు. షాపతను నవ్వి, "ఏక్ బటన్ భాయ్, సబ్ బంద్. ఆప్ ఆరామ్ సే డ్యూటీ కరో" అన్నాడు. ఒక్క బటన్‌తో అన్నీ బందు, నువ్వు నిశ్చింతగా డ్యూటీ చేసుకో అని.

ఆ నిశ్చింత అన్న మాటకే నా ఒళ్ళు మండింది. అడగని సలహా ఇచ్చే అలవాటు నాకు లేదు, అయినా నోరు ఆగలేదు. "వద్దు తమ్మీ, అది వేసి నిమ్మళంగ కూసుంటే మునుగుతవు" అన్నాను. అతను వెనక్కి తిరిగి నన్ను ఎగాదిగా చూసి, "చెప్పడానికేంటండీ, ఎన్నైనా చెప్తారు. ఇక్కడ కూర్చుని నేనింకేం చెయ్యాలో అదీ మీరే చెప్పండి మరి!" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే. కానీ నా వెనుక ఆరుగురు నిలబడి ఉన్నారు, నేను చెప్పవలసింది ఆరు మాటల్లో తేలేది కాదు, నేను నోరు తెరిచే లోపలే షాపతను సాఫ్ట్‌వేర్ వేసి ఇచ్చేశాడు. గోడ గడియారం చూశాను. నాలుగు నిమిషాలు పట్టింది.

అంకెలు చూడడం నా వృత్తి. ఇరవై నాలుగేళ్ళ కిందట జగిత్యాల వైపు నుంచి లేబర్‌గా ఈ దేశం వచ్చాను. పదో తరగతి దాటలేదు, లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. సిమెంటు బస్తాలు మోస్తూ, దించిన బస్తాలకు, వచ్చిన లారీలకు పొంతన కుదరడం లేదని రెండుసార్లు ఫోర్‌మన్‌కు చూపించాను. మూడోసారికి నా చేతిలో పెన్ను పెట్టారు. అప్పటి నుంచి టైమ్‌కీపర్‌నే. ఏ మనిషి ఏ రోజు ఎన్ని గంటలు పనిచేశాడో గళ్ళలో నింపడం, నింపినది నిజమో కాదో తేల్చడం నా డ్యూటీ. రెండోదే అసలు పని. మొదటిది ఎవరైనా చేస్తారు.

నా ఈడు వాళ్ళకు ఆ రోజులు గుర్తుండే ఉంటాయి. ఫోన్ కార్డు గీకి, సన్నటి అంకెలు ఒకటొకటీ నొక్కితే, ఎన్ని నిమిషాలు మిగిలాయో ఒక ఆడగొంతు చెప్పేది, ఆ తరువాత గాని ఇంటివాళ్ళ గొంతు వినిపించేది కాదు. నాకు బిడ్డ పుట్టిందని తెలిసిన రోజున నా కార్డులో పదకొండు నిమిషాలు ఉన్నాయి. మా ఆవిడ ఫోన్‌ను పసిదాని నోటి దగ్గర పెట్టింది. నాలుగు నిమిషాలు ఏడుపే విన్నాను. రూవి బజారు మధ్యలో, ఎండలో, ఒక చెవి మూసుకుని నిలబడి విన్న ఆ నాలుగు నిమిషాల్లో ఒక్కటి కూడా వృథా అనిపించలేదు.

ఆ బిడ్డకు పన్నెండేళ్ళు నిండినప్పుడు సెలవుకు పోతూ ఒక ఫోన్ తీసుకుపోయాను, నాతో మాట్లాడుకుంటుందని. తిరిగి వచ్చిన ఏడాదికి పక్క ఊళ్ళో ఎవరి పిల్లో ఫోన్ వల్ల చెడిందన్న కబురు మా రూమ్ దాకా వచ్చింది. ఎవరు, ఏమిటి, ఎంత నిజం అని ఎవరూ అడగలేదు. అప్పుడు ఘాలా క్యాంపులో ఒక గదిలో ఎనిమిది మందిమి. అందరిలో పెద్దాయనను కాకా అని పిలిచేవాళ్ళం. ఆయన మంచం మీద బాసింపట్టు వేసుకుని, "పోరగాండ్లకు తాళమేస్తే దారికొస్తరు. సందు ఇడిసిపెడితే పోరలు కాదు, పాములైతరు" అని తీర్పు చెప్పాడు. చెబుతూ ఆయన చేస్తున్న పనేమిటో ఇప్పుడు తలచుకుంటే నాకు నవ్వు రాదు, కోపం వస్తుంది. ఆ రోజుల్లో ఇక్కడ ఫోన్లలో వీడియో కాల్ నేరుగా కలిసేది కాదు, ఇక్కడి సర్కారు ఆపి ఉంచింది. మా ఎనిమిది ఫోన్లలోనూ దొడ్డిదారి యాప్‌లే ఉండేవి, ఒకటి మూతబడితే వారం తిరగకముందే ఇంకొకటి ఎక్కేది. కాకా ఆ క్షణాన ఆగిపోయిన యాప్ తీసేసి కొత్తది వేసుకుంటున్నాడు, మనుమడి ముఖం చూడడానికి. పెళ్ళాం పిల్లల్ని చూసుకోవడానికి వారం వారం గోడ దూకే మేము, పిల్లలు గోడ దూకరని నమ్మాము. మా ఎనిమిది మందిలో ఒక్కడికైనా ఆ ముక్క తట్టలేదు. లెక్కల మనిషినని పేరున్న నాకూ తట్టలేదు.

నేనూ సాఫ్ట్‌వేర్ వేశాను. రోజుకు నలభై నిమిషాలు, అదీ పాఠాల వీడియోలకు మాత్రమే. నాతో మాట్లాడే కాల్‌కు లెక్క లేదు. రోజూ సాయంత్రం నా ఫోన్‌కు రిపోర్టు వచ్చేది, నేను దాన్ని నా చేతిపుస్తకంలో గళ్ళు గీసి ఎక్కించుకునేవాడిని. మొదటి వారాల్లో అంకెలు ఎగుడుదిగుడుగా ఉండేవి: ఇరవై రెండు, నలభై, తొమ్మిది, ముప్పై అయిదు. ఆ తరువాత కుదురుకున్నాయి. నలభై, నలభై, నలభై. బిడ్డకు క్రమశిక్షణ అబ్బిందని రూమ్‌లో అందరికీ ఆ పేజీ చూపించాను. కాకా నా వీపు తట్టాడు.

అంతలో కంపెనీ నన్ను దూరాన సముద్రపొడ్డున ఉన్న దుక్మ్ సైట్‌కు పంపింది. అక్కడ గాలి మనిషిని నిలబడనివ్వదు, దుమ్ము లేచిన రోజున క్రేన్లు ఆపేస్తారు. నెలాఖరున ఒక ఫోర్‌మన్, నిజామాబాద్ వైపు వాడే, తన గ్యాంగ్ టైమ్‌షీట్ తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఇరవై రెండు మంది, ఇరవై ఆరు రోజులు, అంటే అయిదు వందల డెబ్బై రెండు గళ్ళు. అన్నింటిలోనూ పది గంటలే. చూసీ చూడగానే కాగితం వెనక్కి తోశాను.

"అందరు మంచిగనే చేసిండ్రన్నా, చేస్తే సుత తప్పేనా?" అన్నాడు.

"చేసిన మనిషి లెక్క గిట్లుండదు. ఒకనాడు కడుపునొస్తది, ఒకనాడు బస్సు లేటైతది, ఒకనాడు గాలి దుమారం లేస్తది. గింత నున్నగ ఉన్నదంటే ఎవడో రూమ్ల కూసొని రాసినట్టే" అన్నాను. నిజమే, ముగ్గురు సైట్‌లో లేరు. వాళ్ళ హాజరు కార్డులు వేరేవాళ్ళు కొడుతున్నారు.

అతను తల వంచుకుని వెళ్ళిపోయాడు. నేను నా తెలివికి మురిసిపోతూ టీ తాగుతున్నాను. గ్లాసు సగంలో ఉండగా నా చేయి ఆగిపోయింది. సంచిలోంచి చేతిపుస్తకం తీశాను. నలభై, నలభై, నలభై. వెనక్కి లెక్కపెట్టుకుంటూ పోయాను. పదకొండు వారాలు, డెబ్బై ఏడు గళ్ళు. బిడ్డకు జ్వరం వచ్చిందని ఇంటి నుంచి కబురు వచ్చిన రోజున నలభై. మా మరదలి పెళ్ళి రోజున, ఇంటినిండా చుట్టాలు ఉన్న రోజున, నలభై. పరాయివాడి కాగితంలో అబద్ధాన్ని రెప్పపాటులో పట్టిన కళ్ళు ఇంటి కాగితం ముందు డెబ్బై ఏడు రోజులు మూసుకునే ఉన్నాయి. అంటే, నా బిడ్డ పాఠం వీడియో ఒకటి పెట్టి, ఫోన్‌ను బోర్లా తిప్పి, నలభై నిమిషాలు దాన్ని అట్లా ఆడనిస్తున్నది. నాకు దొంగ హాజరు వేస్తున్నది. మొత్తం యాభై ఒక్క గంటల ఇరవై నిమిషాల పాఠాలు గోడలు విన్నాయి. మరి పిల్ల ఎక్కడ ఉన్నట్టు? ఇంకో ఫోన్ ఏదో దాని చేతిలో ఉండి ఉండాలి.

అక్కడైనా బుద్ధిగా ఆలోచించానా అంటే, లేదు. ఆ క్షణంలోనే ఇంటికి ఫోన్ చేసి, బిడ్డ పలకగానే, రెండో ఫోన్ ఎక్కడుందని అరిచాను. కాల్ తెగిపోయింది. మళ్ళీ చేస్తే మా ఆవిడ ఎత్తింది. ఆమె బీడీలు చుట్టే మనిషి, రిపోర్టులూ గళ్ళూ ఆమెకు తెలియవు.

"ఫోన్ల లెక్క అడుగుతున్నవ్ గని, పొల్ల అన్నం సక్కగ తినక ఎన్ని దినాలాయెనో ఎన్నడన్న అడిగినవా? ఎవల ఫోన్ మోగినా ఉలిక్కిపడుతున్నది. నువ్వు జర నోరు మూసుకొని ఉండు. నేను అడుగుత" అంది.

ఆమె వెంటనే అడగలేదు. రెండు రోజులు బీడీల చాట పక్కన పెట్టి, పిల్ల పక్కనే కూర్చుంది. తల దువ్వింది. ఫోన్ మాట ఎత్తలేదు. మూడోనాడు పొద్దున పిల్ల తానే చెప్పింది. మా బావమరిది మూలన పడేసిన పగిలిన ఫోన్ ఒకటి దానికి దొరికింది. అందులో ఒక ఆట ఆడేది. ఆ ఆటలో ఇంకో అమ్మాయి స్నేహం చేసింది, తనదీ ఎనిమిదో తరగతే అంది, మొదటి రెండు వారాలు మంచి మాటలే. మా పిల్ల దగ్గర స్కూలు బట్టల్లో ఉన్న ఒక్క ఫొటో తెప్పించుకుంది. మరునాటి నుంచి ఆ అమ్మాయి అమ్మాయి కాకుండా పోయింది. చెప్పిన వేళకు ఆటలోకి రాకపోతే ఆ ఫొటోను పాడుచేసి క్లాసులో అందరికీ పంపుతానని బెదిరింపులు. తొమ్మిది వారాలు నా పదమూడేళ్ళ బిడ్డ ఆ ముఖం లేనివాడికి చెప్పిన వేళకు హాజరు వేసింది. ఆ తొమ్మిది వారాలూ నాకు వచ్చిన రిపోర్టులో ఒక్క తప్పు లేదు.

మా ఆవిడ బడిలో టీచరమ్మను కలిసింది, ఇద్దరూ కలిసి పిల్లను తీసుకుని పోలీసు స్టేషన్‌కు పోయి ఫిర్యాదు కాగితం ఇచ్చారు. ఆ ఖాతా మాయమైంది. ఫొటో ఎవరికీ రాలేదు. వాడెవడో ఇప్పటికీ తెలియదు. దొరికితే ఏం చేసేవాడినో నాకే తెలియదు. కానీ నిజం చెప్పాలంటే వాడి మీద కంటే నాకు ఆ నున్నటి రిపోర్టు మీద కోపం ఎక్కువ, దాన్ని నమ్మి వీపు తట్టించుకున్న మనిషి మీద ఇంకా ఎక్కువ.

ఆ వారం శుక్రవారానికి సెలవు అడిగి దుక్మ్ నుంచి ఘాలా గదికి వచ్చాను. మధ్యాహ్నం బిడ్డ వీడియోలో నా ఎదుట కూర్చుంది. కాకా చూపిన దొడ్డిదారి యాప్ నుంచే కలిపాను. ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. ఈసారి అరవలేదు.

"ఫోన్ గుంజుకుంటవని కాదు బాపూ. చెప్తే ముందుగాల లెక్క అడుగుతవని" అంది. ఇంకొకటి కూడా అంది. "నువ్వు సుత గోడ దుంకే గదా మమ్ముల్ని చూస్తున్నవ్. నేను దుంకితేనే తప్పా?"

నా పక్క మంచం మీద కాకా దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాడు.

ఆ రోజే సాఫ్ట్‌వేర్ తీసేశాను. తీసేస్తే పని అయిపోలేదు, అప్పుడే మొదలైంది. ప్రతి శుక్రవారం, ఇక్కడ ఒంటిగంటన్నరకు, అక్కడ మూడింటికి, ఇద్దరం కూర్చోవాలని ఒప్పందం. వారంలో ఏం చూసింది, ఎవరితో మాట్లాడింది, ఏది చూసి మనసు చెడిందీ చెప్పాలి. ఏం చెప్పినా శిక్ష ఉండదు. బిడ్డ ఒక్క షరతు పెట్టింది, నాదీ చెప్పాలని. కాగితం మీద రెండు వరుసలు గీసింది, ఒకటి తనది, ఒకటి బాపుది. మొదటి వారం నా వరుసలో రోజుకు గంట అని చెప్పాను. పిల్ల కాగితం కెమెరా ముందు పెట్టి, నా గొంతుతోనే, "గంట, గంట, గంట. గింత నున్నగ ఉన్నదేంది బాపూ? గిది దొంగ షీట్. మల్ల రాసుకొని రా" అంది. దుక్మ్ ఫోర్‌మన్ కథ తల్లి ద్వారా దానికి చేరిందన్నమాట. రెండో వారం నిజం చెప్పాను. రోజుకు మూడు గంటల పైమాటే, ఒకరోజు నాలుగుంపావు, ఏం చూశానో అందులో సగం గుర్తు లేదు.

అట్లా ఏళ్ళు గడిచాయి. ఏదో రోగానికి ఏదో ఆకు మందని నేను అందరికీ పంపిన వీడియో అబద్ధమని ఎట్లా కనిపెట్టాలో ఒక శుక్రవారం బిడ్డ నాకు చూపించింది. క్లాసు గ్రూపులో ఒక పిల్లను అందరూ ఏడిపిస్తుంటే తాను కూడా ఒకసారి నవ్వు బొమ్మ పెట్టానని ఒప్పుకుని ఏడ్చింది. అది ఏ రిపోర్టులో వస్తుంది? ఏ బటన్ దాన్ని బందు చేస్తుంది? కొన్ని శుక్రవారాలు చెప్పడానికి ఏమీ ఉండేది కాదు, ఊరికే ఒకరినొకరం చూసుకునేవాళ్ళం. కొన్ని శుక్రవారాలు దానికి నా మీద కోపం, కెమెరాకు అడ్డంగా చేయి పెట్టుకుని కూర్చునేది. అయినా కూర్చునేది. లెక్క గరుకుగా ఉండేది. అందుకే నమ్మాను.

షాపులో ఆ గోదావరి యువకుడు అడిగిన ప్రశ్నకు నా జవాబు ఇంతే. ఆ రోజు చెప్పే వ్యవధి దొరకలేదు. అతను ఈ వారమంతా సాయంత్రం పూట రిపోర్టు చూసుకుని నిశ్చింతగా డ్యూటీకి పోతుంటాడు. ఆ అంకెలు ఇంకా ఎగుడుదిగుడుగానే ఉండి ఉంటాయి. నున్నబడే రోజున అతనికి చెప్పేవాళ్ళు ఎవరు? అతని పేరైనా అడిగి ఉండవలసింది.

ఇప్పుడు నా బిడ్డకు ఇరవై ఒక్కేళ్ళు, కరీంనగర్‌లో చదువుకుంటున్నది. కార్డులు గీకే కాలం పోయింది, ఆ ఆడగొంతు పోయింది, ఎన్ని నిమిషాలు మిగిలాయో ఎవరూ చెప్పడం లేదు. శుక్రవారం కాల్ మాత్రం ఉంది, కొన్నిసార్లు పది నిమిషాలు, కొన్నిసార్లు గంట దాటుతుంది. ఆ చేతిపుస్తకం నా పెట్టెలోనే ఉంది, పారేయలేదు. అప్పుడప్పుడు ఆ పేజీలు తీస్తాను. ఒకప్పుడు నాలుగు నిమిషాల ఏడుపు వినడానికి ఎండలో నిలబడ్డ మనిషి, అదే బిడ్డ అరవై మూడు రోజులు గొంతు బయటికి రాకుండా ఏడుస్తుంటే, సాయంత్రం సాయంత్రం తీరుబడిగా కూర్చుని, వంకర పోకుండా స్కేలు పెట్టి గళ్ళు గీసి, నలభై అని రాసుకున్నాడు.