వంతెన మీద అక్క

గోదావరి మీద ఒకే వంతెన ఉన్న రోజుల్లో అక్కా నేనూ ఎదురెదురు బస్సుల్లో నది దాటేవాళ్లం. నా ఇల్లు గోదావరిఖనిలో, నేను పాఠాలు చెప్పే బడి అవతలి ఒడ్డున శ్రీరాంపూర్ దగ్గర. అక్క ఇల్లు మంచిర్యాలలో, ఆమె నర్సుగా పనిచేసే దవాఖాన మా ఊళ్లో. "ఇద్దరు ఇండ్లు మార్సుకుంటే అయిపాయె గద" అని మా ఆయన నవ్వేవాడు.

మధ్యలో ఏడాదిన్నర పాటు మేం మాట్లాడుకోలేదు. నా బిడ్డ ఒళ్లు కాలిపోతున్న రోజు అక్కను రమ్మంటే రాలేదు. తరువాత ఒక పెళ్లిలో, అందరూ వింటుండగా, "మా అక్కకు డ్యూటీ ఉంటే సాలు, మనుషులెందుకు" అన్నాను. ఆమె విస్తరి ముందు నుంచి లేచి వెళ్లిపోయింది.

ఒక ఎండాకాలం పొద్దున వంతెన నడుమ బొగ్గు లారీ ఆగిపోయింది. దాన్ని దాటిపోదామని ఎవరికి వాళ్లు ముందుకు దూరడంతో రెండు వైపులా బండ్లు బిగుసుకుపోయాయి. నేను డ్రైవర్ వెనక సీట్లో, కిటికీ పక్కన ఉన్నాను. ఎదురుగా వచ్చిన బస్సు సరిగ్గా మా పక్కనే ఆగింది. చెయ్యి చాపితే అందేంత దూరంలో అక్క కూర్చుని ఉంది.

ఇద్దరం మొహాలు తిప్పుకున్నాం. ఇంజన్లు ఆపేశారు. ఎండ రేకుల మీద నుంచి లోపలికి దిగుతోంది. పావుగంట గడిచాక ఆమె గొంతు వినిపించింది.

"బిడ్డకు జరం తగ్గిందా?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "ఎప్పుడో తగ్గిందక్కా. ఇప్పుడు రెండో తరగతి."

"ఆ దినం వార్డుల నేనొక్కదాన్నే ఉంటి. పేషెంట్లను ఇడిసిపెట్టి ఎట్ల రావాలె?"

"చెప్పచ్చు గద మరి?"

"నువ్వు అడిగినవా?"

అడగలేదు. బస్సు దిగాను. ఆమె కూడా దిగింది. ఇద్దరం రెయిలింగు పక్కన నిలబడి ఆమె సీసాలోని మజ్జిగ తాగాం. ఏడాదిన్నర మాటలు అక్కడే చెప్పుకున్నాం. పోలీసు విజిల్ వేసి "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి" అని అరిచేదాకా కదల్లేదు.

అప్పటి నుంచి పొద్దున్నే "యాడిదాక వచ్చినవ్?" అని ఫోన్ చేసుకుని బస్సులు ఎక్కేవాళ్లం. వంతెన మీద జాం లేని రోజు తక్కువ. బస్సులు పక్కపక్కన ఆగిన రోజు కిటికీలోంచి కిటికీలోకి సకినాలు, మామిడికాయ తొక్కు మారేవి. "చేతులు బయట పెట్టకుండ్రి అక్కా" అని కండక్టర్ కోప్పడేవాడు. తోటివాళ్లంతా ట్రాఫిక్‌ను తిట్టుకుంటుంటే నేను మాత్రం ఈరోజూ ఆగాలని మనసులో మొక్కుకునేదాన్ని.

ఒకనాడు అలాగే ఆగి ఉన్నప్పుడు మా బస్సు వెనక నుంచి అంబులెన్స్ కూత మొదలైంది. కదలడానికి దారి లేదు. అక్క బస్సు దిగి పరుగున వెళ్లి లోపలికి తొంగిచూసింది. నొప్పులు పడుతున్న ఒక చిన్న వయసు పిల్ల. "నువ్వు ముంగట నడువ్, లారీలను జరుపుమను" అని నాతో చెప్పి తాను లోపలికి ఎక్కింది. "అన్నా, జర పక్కకు తియ్యి" అని ప్రతి డ్రైవర్‌నూ బతిమాలుతూ వంతెన చివరిదాకా నడిచాను. నా వెనకే అంబులెన్స్ అడుగడుగునా ఆగుతూ వచ్చింది.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "తల్లీ బిడ్డా మంచిగనే ఉన్నరు. ఇంకో పావుగంట అయితే ఏమయ్యేదో. పక్కన కడుతున్న ఆ కొత్త బ్రిడ్జి జల్ది కావాలె చెల్లె. మన ముచ్చట్లకేంది, ఇంటికాడ చెప్పుకుందం."

నేను రోజూ ఏం మొక్కుకునేదాన్నో ఆమెకు చెప్పలేదు.

పక్కనే కొత్త వంతెన పూర్తయింది. పోయే బండ్లకు ఒకటి, వచ్చే బండ్లకు ఒకటి. నది దాటడానికి రెండు నిమిషాలు చాలు. మా రెండు బస్సుల మధ్య ఇప్పుడు నీళ్లు. అవతలి వంతెన మీద ఎర్ర బస్సు కనబడితే అక్క ఉందేమోనని చూసేదాన్ని. మనిషి ఆనవాలు దొరికేది కాదు. తరువాత ఆమె రిటైరైంది. బస్సులో నేనొక్కదాన్నే మిగిలాను.

దారి దగ్గరైంది కాబట్టి ఎప్పుడైనా పోవచ్చు అనుకుంటూ నెలలు దాటేశాను. మొన్నొక ఆదివారం చర్చిలో ప్రార్థన అయ్యాక వెళ్లాను. అక్క చాయ్ పెట్టింది. మనవరాలు టీవీ చూస్తోంది. పిల్లల సంగతులు, మోకాళ్ల నొప్పులు అడిగి తెలుసుకున్నాం. ఆ తరువాత ఇద్దరం టీవీ వైపు చూస్తూ కూర్చున్నాం.

"ఎండల నిలబడి గంటలు గంటలు మాట్లాడినం. ఇక్కడ ఫ్యాను కింద ఏం యాదికొస్తలేదేందే?" అంది అక్క.

నవ్వాను, ఆమె కూడా నవ్వింది. నన్ను సాగనంపడానికి మోకాలు పట్టుకుంటూ బస్టాపు దాకా వచ్చింది. అక్కడ నిలబడ్డాకే ఏదో చెప్పబోయింది. "అసలు ఆ పెండ్లిల నేను విస్తరి ముంగట నుంచి లేసింది నీ మాటకు కాదే..." అంటుండగానే బస్సు వచ్చి ఆగింది. వెనక వాళ్లు తోసుకొస్తుంటే ఎక్కేశాను. కిటికీ దగ్గరికి చేరేసరికి బస్సు కదిలిపోయింది.