సూదుల మీద పడిన నింద

మా అక్కను ధర్మవరంలో మగ్గమున్న ఇంటికి ఇచ్చినారు. కొత్త కోడలుగా కండెలకు పట్టు చుట్టడంతో మొదలుపెట్టి, బావ పక్కన కూర్చుని నేత నేర్చుకుంది. పిల్లలు పుట్టి పెద్దయ్యేసరికి బావ కంటే ఎక్కువ సేపు ఆమే మగ్గం గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చునేది. బావ బయటి పనులు చూసుకునేవాడు. బయటి పనులంటే షావుకారు దగ్గర పట్టు తేవడం, నేసిన చీర ఇచ్చి రావడం, మధ్యలో ఎంతసేపైనా టీ అంగట్లో కూర్చోవడం.

నేను పెనుకొండ పక్క పల్లెలో అంగన్‌వాడీ టీచర్ని. అక్కకు కుడి భుజం నొప్పి మొదలైన సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. మెడ దగ్గర పట్టుకుని వేళ్ల దాకా లాగుతోందని, పొద్దున లేస్తే వేళ్లు మొద్దుబారి ఉంటాయని ఫోన్లో చెప్పింది. మందుల షాపులో అడిగి నొప్పి మాత్రలు తెచ్చుకుని మింగుతోంది. వాటితో కడుపులో మంట. నేసేవాళ్లందరికీ ఉండేదేనని బావ తేల్చేసినాడట.

మా సెంటర్‌కు వచ్చే ఒక బాలింత హిందూపురంలో సూదులతో వైద్యం చేసే ఆమె గురించి చెప్పింది. వాళ్లమ్మకు మోకాళ్ల నొప్పి తగ్గిందంట. ఒక ఆదివారం అక్కను ధర్మవరంలో ప్యాసింజర్ ఎక్కమన్నాను. నేను పెనుకొండలో ఎక్కినాను. పెళ్లయినాక మేమిద్దరమే కలిసి ప్రయాణం చేయడం అదే మొదలు.

సూదులు పెట్టే ఆమె క్లినిక్కు బట్టలు కుట్టే అంగడి మీద మిద్దెలో ఉంది. నడివయసు ముస్లిం ఆమె. ఒకరితో కన్నడం, ఒకరితో తెలుగు, అంతే తేలిగ్గా మాట్లాడుతోంది. ఆ రోజు సూది పెట్టనేలేదు. అక్క కంటి రెప్ప కిందికి లాగి చూసింది, గోళ్లు చూసింది. ఏం తింటావమ్మా అని అడిగింది. అక్కకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అందరూ తిన్నాక మిగిలింది తింటానని చెప్పింది. ముందు గవర్నమెంటాసుపత్రికి పోయి రక్తం చూపించుకోండి, మెడకు ఎక్స్‌రే తీయించుకోండి, ఆ తర్వాతే నా దగ్గరికి రండి అని పంపించేసింది.

రక్తం బాగా తక్కువ ఉందని, మెడలో నరం నలుగుతోందని ఆసుపత్రిలో చెప్పినారు. ఐరన్ మాత్రలు ఇచ్చి, మగ్గం మీద కూర్చోవడం తగ్గించమన్నారు. ఆ కాగితాలు చూసినాకనే హిందూపురం ఆమె సూదులు తీసింది. మెడ కింద, మోచేతి దగ్గర, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య సన్నటి సూదులు పెట్టింది. పెడుతూనే చెప్పింది.

"సూది నొప్పి తగ్గిస్తాదమ్మా. రక్తం పట్టించదు. డాక్టరిచ్చిన మాత్రలు మానొద్దు. తిండి తినకుండా నా కాడికి వచ్చి లాభం ల్యా."

సంగటి, గుడ్డు, ఆకుకూర, శనగవిత్తనాలు, బెల్లం. ఆమె చెప్పిన తిండిలో మా పక్క దొరకనిది ఒక్కటీ లేదు. అక్క వింటూనే నిద్రపోయింది.

మర్నాడే రాగిపిండి, గుడ్లు, శనగవిత్తనాల ఉండలు ధర్మవరం పోయేవాళ్లతో పంపించినాను. కొన్నాళ్లకు నేనే పోయి చూస్తే గుడ్డు బావ తట్టలో ఉంది. ఉండలు బాగున్నాయని, ఈసారి నువ్వులు కలిపి చేయమని అక్క అత్త నాకే చెప్పింది. వంటింట్లో అక్కను నిలదీస్తే, ఆయన అడిగితే ల్యాదని ఎట్ల చెప్పాల అంది.

నాకు కొత్త సంగతేం కాదు. మా సెంటర్లో గర్భిణుల చేతికి గుడ్డిచ్చి పంపితే అది వాళ్ల కడుపులోకి పోదు. అందుకే నేను ఎదురుగా కూర్చోబెట్టి తినిపిస్తాను. అక్కకూ అదే పద్ధతి పెట్టినాను. ప్రతి ఆదివారం సూదులకు పోయేటప్పుడు రైల్లోకి క్యారియర్ తెచ్చేదాన్ని. సంగటి, ఆకుకూర పప్పు, ఉడికించిన గుడ్లు. మొదట్లో ఎవరైనా చూస్తారని కిటికీ పక్కకు తిరిగి తినేది. తర్వాత తర్వాత ఊరగాయ ఏదే అని అడగడం మొదలుపెట్టింది. మిగతా రోజులకని ఉండలు ఆమె సంచిలో అడుగున, చీర కింద పెట్టి పంపేదాన్ని. సొంత ఇంట్లో దొంగమాదిరి తినమని నేనే నేర్పించాల్సి వచ్చింది.

ఎండలు ముదిరేసరికి అక్క మొహం తేటపడింది. కూతురు జడ వేస్తే తప్ప తల దువ్వుకోలేని మనిషి, ఒక ఆదివారం ప్లాట్‌ఫారం మీద నాతో మాట్లాడుతూనే రెండు చేతులూ ఎత్తి కొప్పు ముడేసుకుంది. తాను చేసిన పని తనకే తెలియలేదు.

బావకు మాత్రం తెలిసింది. పెద్ద జరీ అంచు పెళ్లి చీర ఒకటి, షావుకారు తొందరగా కావాలంటే, అక్కను అడగకుండా ఒప్పుకుని వచ్చినాడు. ఆ ఆదివారం అక్క రైలెక్కలేదు. నేను ధర్మవరం పోయినాను. బావ నాతో గట్టిగా మాట్లాడలేదు. కుర్చీ వేసి, కాఫీ ఇప్పించి, నవ్వుతూనే చెప్పినాడు.

"నువ్వు చెప్పినట్టే పంపిస్తిమి గదమ్మా. చెయ్యి బాగైపోయింది. ఇంక హిందూపురం దేనికి? ఆడికి పోయే పూట ఈడ కూచుంటే చీర ముందుకు పోతాది."

నొప్పి తగ్గింది కానీ నరం బాగుపడలేదని, రక్తం ఇంకా పట్టాలని చెప్పినాను. ఐరన్ మాత్రలు వేడి చేస్తున్నాయని అక్క అత్త ఎప్పుడో మానిపించేసిందని అప్పుడు తెలిసింది. అక్క మగ్గం మీదనుంచి నా పక్క ఒకసారి చూసి మళ్లీ పోగు నడిపే నాడె విసిరింది.

చీర ఇంకా కొంచెం మిగిలి ఉండగానే అక్క నాడె పట్టుకోలేకపోయింది. జారింది తీసుకోబోయి కళ్లు తిరిగి మగ్గం మీదే పడిపోయింది. పెద్దాసుపత్రిలో మెడకు ఆపరేషన్ చేసినారు, రక్తం ఎక్కించినారు. ప్రాణం గట్టెక్కింది. కుడిచేతి పట్టు మాత్రం పూర్తిగా రాలేదు. గ్లాసు పట్టుకుంటుంది, పట్టుపోగు పట్టుకోలేదు.

చూడ్డానికి వచ్చిన బంధువులందరికీ బావ ఒకటే మాట చెప్పినాడు. హిందూపురంలో సూదులు పొడిపించుకున్నప్పట్నుంచే ఇట్లయింది అని. ప్రతి ఒక్కరూ తలూపి నా పక్క చూసినారు, తీసుకుపోయింది నేను కాబట్టి. మెడలో నరం నలిగే ఇట్లయిందని డాక్టరు చెప్పింది నేను చెప్పబోతే, చదువుకున్న దానివి, నువ్వన్నా ఆలోచించాల గదా అని మా పెదనాయనే అన్నాడు.

అప్పుడు అక్క మంచం మీదనుంచి మాట్లాడింది. గొంతు పెద్దది చేయలేదు.

"సూదులతోనే నాకు బాగుండె. మీరు పోనియ్యలేదు. నాకు పెట్టమన్న తిండి మీరు తింటిరి."

బావ మంచం దగ్గరికి పోయి దుప్పటి సరిచేసి, నీరసంగా ఉండాది, ఏందేందో మాట్లాడ్తాంది అని అందరికీ చెప్పినాడు. వాళ్లు దానికీ తలూపినారు. అక్క కళ్లు మూసుకుంది. తర్వాత ఆ మాట ఆమె ఎక్కడా ఎత్తలేదు.

మిగిలిన చీర కూలికి మనిషిని పెట్టి పూర్తి చేయించినారు. ఇంటరు అయిపోయిన అక్క కూతురు ఇప్పుడు మగ్గం మీద కూర్చుంటోంది. అక్క ఎడమచేత్తో కూరగాయలు తరుగుతుంది, వాకిలి ఊడుస్తుంది. బావ టీ అంగట్లో సూదుల కథ చెప్తూనే ఉన్నాడు. వాళ్ల వీధిలో నడుము నొప్పితో హిందూపురం పోదామనుకున్న ఇద్దరు ఆడవాళ్లు మానుకున్నారని విన్నాను.

మొన్న ఒక ఆదివారం నేనొక్కదాన్నే హిందూపురం పోయి ఆ మిద్దె ఎక్కినాను. ఆమెకు అంతా ముందే తెలుసు. ధర్మవరం నుంచి వచ్చేవాళ్లు తగ్గిపోయినారంది. ఆ మాట కూడా కోపంగా అనలేదు. నేనేదో సర్దిచెప్పబోతే ఆపి, "ఆయమ్మ ఇప్పుడన్నా తింటాందా?" అని అడిగింది.

అంతకు ముందు వారమే ధర్మవరంలో అక్క అత్తను నేనూ అదే అడిగినాను. ఊరికే కూర్చునే మనిషికి గుడ్డెందుకే అంది.