వచ్చేవాళ్ళ బియ్యం

ఇంగువ పడిన నూనెలో ఎండుమిరపకాయలు నల్లబడబోయే ముందు ఒక ఘాటు లేస్తుంది. ఈ సాయంత్రం మా వంటింటి కిటికీలోంచి ఆ ఘాటు పక్క ఫ్లాటుకి చేరగానే అటునుంచి వరసగా తుమ్ములు, వాటి వెనకే ఒక ప్రశ్న వచ్చాయి. "ఏంటండీ, పులిహోర పులుసా? అంత గిన్నెడు పెట్టారు, ఎవరింట్లో పెళ్ళండీ?" పెళ్ళికి కాదండీ, అడవికి, రేపు కాలేజీ పిల్లల్ని మారేడుమిల్లి క్యాంపుకి తీసుకెళుతున్నాం అని చెప్పాను. "అడవికి పులిహోరా? పులికి వాసన తగిలిందంటే హోరు మీదేనండీ," అని నవ్వుతూ పక్కింటావిడ కిటికీ మూసుకుంది. నేను గరిటె తిప్పుతూ ఉండగా ఆ ఘాటులోంచే, కొంగు నడుముకి దోపుకుని, వరలక్ష్మి మేడమ్ వచ్చి నా పక్కన నిలబడ్డట్టనిపించింది. ఆవిడ పోయి రెండు వానాకాలాలు దాటాయి.

రాజమండ్రిలో నేను కెమిస్ట్రీ చెప్పడానికి చేరిన ఆడపిల్లల కాలేజీలో ఆవిడ బోటనీ శాఖకి పెద్ద. పొట్టి మనిషి. నేతచీర మీద కాన్వాసు బూట్లు వేసుకుని వచ్చేవారు. చూసినవాళ్ళు నవ్వితే, "చీర మీకోసం, బూట్లు నాకోసం," అనేవారు. ఆడపిల్లల్ని అడవికి తీసుకెళ్ళి చెట్ల మధ్య చెట్ల పాఠం చెప్పాలన్నది ఆవిడ చాలా ఏళ్ళ కోరిక. చివరికి ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు గాని, ఒక షరతు పెట్టారు. ఒక్క తండ్రి వచ్చి "మా అమ్మాయిని తీసుకుపోతాం" అన్నా సరే, మొదటి క్యాంపే ఆఖరి క్యాంపు. మేడమ్ పేరులో వరమూ ఉంది, లక్ష్మీ ఉంది. కాలేజీ ఇచ్చిన సొమ్ములో మాత్రం ఆ రెండూ కనపడలేదు. అందులోనే అందరికీ తిండి జరగాలి. ఆ భారం నామీద పడింది. కెమిస్ట్రీ అంటే వంటేనని ఎవరు చెప్పారో గాని, నా ఉప్మా తిన్నవాళ్ళెవరూ ఆ మాట అనరు.

నేను మాత్రం ఉత్సాహంగా వెజిటబుల్ బిరియానీ, పూరీ కూర, సాయంత్రం బజ్జీలు అంటూ ఏకరువు పెట్టాను. మేడమ్ ఓపికగా విన్నారు.

"బావుందమ్మా. పూరీలు ఎవరు వత్తుతారు, చెట్లా?"

"అందరం తలో చెయ్యి వేస్తే అయిపోతుందండీ."

"నువ్వు ఒక్కసారి కూడా కట్టెల పొయ్యి ముందు కూర్చోలేదు కదూ? కళ్ళు తుడుచుకోడానికే ఆ తలో చెయ్యీ సరిపోతుంది."

ఆ మధ్యాహ్నం స్టాఫ్ రూములో టీ చల్లారిపోయేదాకా ఆవిడ నాకు క్యాంపు వంట చెప్పారు. ఇంటిదగ్గర అయ్యే పని ఇంటిదగ్గరే అయిపోవాలి. ఉప్మా రవ్వ వేయించి, పోపు కూడా అందులోనే కలిపి పట్టుకెళితే అక్కడ మరిగే నీళ్ళు పోయడమే. పులిహోర పులుసు సీసాలో కూర్చుని వస్తుంది, అన్నం వండి కలుపుకోవడమే. అటుకులకి పొయ్యే అక్కర్లేదు. శనగలు తెల్లారి బస్సెక్కే ముందు నీళ్ళలో వేస్తే ప్రయాణంలోనే నానతాయి, సాయంత్రానికి ఉడకడానికి సిద్ధంగా ఉంటాయి. పెరుగన్నం మొదటి పూటకే. అదీ పాలతో కలిపి రెండు చుక్కలు తోడు వేస్తే, అడవి చేరేలోపు తనే పెరుగవుతుంది, పులవదు. మిగతా పూటల్లో ఎక్కువగా పులగం, పచ్చిపులుసు. "తేలిగ్గా వండాలమ్మా, అంతేగాని తినేవాళ్ళని తేలిక చెయ్యకూడదు," అన్నారు.

పిల్లల దగ్గర కాస్త ఫీజు వసూలు చేద్దామన్నాను. ఆవిడ ఒప్పుకోలేదు. "డబ్బడిగితే నూకరత్నం ఇంట్లో చెప్పకుండానే మానేస్తుంది. బియ్యం అడుగు. తను తినేంత బియ్యం, పిడికెడు పెసరపప్పు తెమ్మను. అది లేదనే ఇల్లుండదు." నూకరత్నం కాకినాడ హార్బరు దగ్గర చేపలు పట్టేవాళ్ళ అమ్మాయి. మంచి తెలివైంది, తన మొహమాటం తన తెలివికంటే ఎక్కువ. బయలుదేరే రోజున బియ్యంతో పాటు సీసాడు ఎండురొయ్యల పొడి కూడా తెచ్చింది.

పిల్లలు తెచ్చిన బియ్యమంతా గోతంలో పోశాక, మేడమ్ ఇంటినుంచి తెచ్చిన మూట విప్పి మరికొంత అందులో కుమ్మరించారు.

"ఇవెవరికండీ?" అన్నాను.

"వచ్చేవాళ్ళకి."

"అడవికి ఎవరొస్తారు మేడమ్?"

"మనది గోదావరి జిల్లా అమ్మా. పిల్ల తిన్నదో లేదో చూసుకోడానికి అడవికైనా వస్తారు."

మర్నాడు వాగొడ్డున మూడు రాళ్ళ మీద పెద్ద డేగిసా ఎక్కించాక తెలిసింది మా బియ్యం సంగతి. ఒక ఇంటివి రెండేళ్ళ పాత సన్నబియ్యం, ఒక ఇంటివి మొన్న మర పట్టించిన కొత్తవి, ఒక ఇంటివి రేషన్వి. కొత్తవి మెత్తబడి ముద్దవుతుంటే, పాతవి ఇంకా పలుకు మీదే ఉన్నాయి. సగం గంజి, సగం గింజ. నేను కంగారుగా మూత తీస్తూ పెడుతూ ఉన్నాను. మేడమ్ మాత్రం ఇంకో చెంబెడు నీళ్ళు పోయించి, మంట తగ్గించి, మూత పెట్టించారు. "అందుకే పులగం అన్నది. విడివిడిగా ఉండాల్సిన అన్నమైతే పోట్లాట. పులగంలో అందరూ సర్దుకుంటారు." ఆ పూట గరిటె పట్టింది సునీత. మండపేట వైపు పెద్ద రైతు సత్తిబాబు గారి ఏకైక కూతురు. తన ఇంట్లో మంచినీళ్ళు ముంచుకుని తాగాల్సిన అవసరం కూడా రాని పిల్ల. పొగకి ముక్కు చీదుకుంటూ, "మీరెవ్వరూ ముట్టుకోకండి, నేనే చేస్తా," అని అందరినీ తరుముతోంది.

అప్పుడే వాగు అవతల కారు ఆగింది. తెల్లచొక్కా, చేతిలో అయిదు గిన్నెల కేరియరు, వెనక కాజాల బుట్ట మోస్తూ డ్రైవరు. సునీత గరిటె ఆపేసి, "మా నాన్న," అంది.

సత్తిబాబు గారు చుట్టూ చూశారు. టార్పాలిన్లు, మసిపట్టిన డేగిసా, కూతురి మొహం మీద బొగ్గు. "మేడంగారండీ, ఏమీ అనుకోకండి. వాళ్ళమ్మ నిన్నట్నించి అన్నం ముట్టలేదండి. పిల్ల నేలమీద పడుకుంటుందంట, గంజి తాగుతుందంట అని ఒకటే ఏడుపండి. అమ్మాయిని తీసుకెళ్ళిపోతానండి." అది విని మరో ఇద్దరు పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నాకు ప్రిన్సిపాల్ గారి షరతు గుర్తొచ్చింది. సునీతని ఉండనివ్వమని బతిమాలడానికి నోరు తెరిచాను. మేడమ్ నా చెయ్యి నొక్కారు.

"అలాగేనండి, తీసుకెళుదురు గాని. భోజనాల వేళకి వచ్చారు, కాళ్ళు కడుక్కోండి."

"అబ్బే, భోజనానికి రాలేదండీ..."

"మీ ఇంటికి ఇంత దూరం నేనొస్తే ఊరికే పంపుతారాండీ?"

ఆయనకి ఇక దారి లేదు. అన్నం వేళకి వచ్చినవాళ్ళని ఆయన అన్నం పెట్టకుండా తన వీధి గుమ్మం దాటనిచ్చే మనిషి కాదు. మరి తను తినకుండా ఎలా వెళతారు? కేరియరు పక్కన పెట్టి, పిల్లల పంక్తిలో విస్తరి ముందు కూర్చున్నారు. డ్రైవర్నీ పక్కనే కూర్చోబెట్టారు మేడమ్. సునీత వడ్డించింది. పులగం, మీద నెయ్యి చుక్క, పచ్చిపులుసు, నూకరత్నం రొయ్యల పొడి. పులగం అడుగంటిన వాసన నాదాకా వస్తోంది. ఆయన తలెత్తకుండా తింటున్నారు. విస్తరి ఖాళీ అవుతుండగా సునీత మళ్ళీ గరిటెతో వంగింది.

"చాలమ్మా."

"ఒక్క గరిటె నాన్నా. నాకోసం."

"చాలన్నానా!"

చెయ్యి అడ్డం పెట్టినా, వేళ్ళ సందులోంచి వేసేసింది; వాళ్ళమ్మ వడ్డించే తీరు అదేనేమో, ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని కూతుర్నే చూస్తూ ఉండిపోయారు. డేగిసాలో వచ్చేవాళ్ళ బియ్యం కూడా ఉంది కాబట్టి సరిపోయింది.

"ఉప్పు ఎవరేశారే?"

"నేనే నాన్నా."

"తగ్గింది." పచ్చిపులుసు జుర్రుకుని, మూతి తుడుచుకున్నారు. "రేపు చూసుకుని వెయ్యి."

ఆ "రేపు" అన్న మాట ముందు సునీతకి వినపడింది, తర్వాత నాకు, ఆఖరికి ఆయనకే. ఆయన చెయ్యి కడుక్కోవడానికి వాగులోకి దిగి, కావాల్సినదానికంటే చాలాసేపు కడుక్కున్నారు. వెళుతూ, "ఆ రొయ్యల పొడి ఎవరిదమ్మా? సునీత వాళ్ళమ్మకి చెప్పాలి," అని అడిగి, ఒక పొట్లం కట్టించుకున్నారు. కేరియరు, కాజాల బుట్ట మాత్రం మాకే వదిలేశారు. స్వయంపాకం గురించి మేం పెట్టుకున్న ఆదర్శాలు ఆ కేరియరులోని కోడికూర వాసన తగిలేదాకా గట్టిగానే నిలబడ్డాయి.

గిన్నెలు తోముతున్నప్పుడు మేడమ్‌తో అన్నాను, "ఉప్పు తగ్గడం ఒక్కటే లోటండీ, లేకపోతే ఎంత బాగుండేది."

"నేను ముందే రుచి చూశాగా. తగ్గిందని తెలుసు."

"మరి వెయ్యలేదేంటండీ?"

"అన్నీ సరిగ్గా ఉంటే ఆ తండ్రి చెప్పడానికి ఏం మిగులుతుందమ్మా? వచ్చినవాళ్ళకి బియ్యం ఒక్కటే ఉంచితే చాలదు."

ఆ తర్వాత క్యాంపులు ఏటా సాగాయి. ఆవిడ రిటైరైనా, ఆవిడ మూట ప్రతిసారీ కాలేజీకి వచ్చేది; ఇప్పుడు ఆ మూట నేను కడుతున్నాను. నా వంట పెద్దగా బాగుపడలేదు. పాఠం చెప్పడం కొంచెం బాగుపడిందంటారు. ప్రయోగంలో ఆఖరి మెట్టు నేను చెప్పేయకుండా, నాలుక చివరిదాకా వచ్చిన జవాబు మింగి, పిల్లల మొహాల వైపు చూస్తూ నిలబడతాను. అప్పుడు వెనక బెంచీలోంచి ఎవరో ఒకరు, "మేడమ్, అది తగ్గిందేమోనండీ," అంటారు.

పులుసు దగ్గరపడి నూనె పైకి తేలింది. స్టవ్ ఆర్పి, గరిటె చివర వేలు అద్ది నాలుక మీద వేసుకున్నాను. ఉప్పు కాస్త తగ్గింది. అలవాటుగా చెయ్యి ఉప్పు జాడీ మీదికి వెళ్ళింది. మూత సగం తీసి, మళ్ళీ పెట్టేశాను. రేపు పిల్లలు చూసుకుని వేసుకుంటారు.