మధ్య వరుసలు దిద్దిన మేడం

పేటలో పిల్లల్ని డిగ్రీ చదివిస్తున్న అమ్మలారా, అయ్యలారా, మీరు దొంగ లెక్కల పక్షాన సంతకం పెట్టారు. ఆ కాగితం మీద మీ సంతకాలు నేను కళ్ళారా చూశాను. ఆ సంతకాలతో మీరు క్లాసులోంచి బయటికి పంపిన లెక్కల మేడం పోయిన మంగళవారం గుండె ఆగి చనిపోయారు. అప్పటినుంచీ మీ ఫోన్లలో దండం పెట్టే బొమ్మలు తిరుగుతున్నాయి. "ఎంత మంచావిడో" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు. మంచావిడే. ఆ సంగతి మీకు రెండేళ్ళు ఆలస్యంగా గుర్తుకొచ్చింది.

నేను ఆమె దగ్గర బీఎస్సీ చదివాను. ఆమె చెప్పిన పేపరు పేరు న్యూమరికల్ మెథడ్స్. పేరు చూసి భయపడకండి. సూత్రంలో పెడితే నేరుగా జవాబు రాని లెక్కలు లోకం నిండా ఉన్నాయి. అలాంటి చోట ముందు ఒక అంచనా వేసుకుంటాం. దాన్ని సరిదిద్దుకుంటూ, వరుస కింద వరుస రాసుకుంటూ, నిజానికి దగ్గరవుతాం. అంతే ఆ పేపరు. వంతెన కట్టేవాడికీ, వాన రాకడ చెప్పేవాడికీ అదే దిక్కు.

ప్రతి బ్యాచ్‌కూ ఆమె మొదటి లెక్క ఒకటే. పదికి వర్గమూలం, అంటే దేన్ని దానితోనే గుణిస్తే పది వస్తుంది? బోర్డు మీద ప్రశ్న రాసి, చివరి బెంచీ వైపు చూసి, "ఒక తప్పు జవాబు చెప్పండి" అనేవారు. సరైన జవాబు చెప్పమంటే తలలు దించుకునే చివరి బెంచీ, తప్పు జవాబు అనగానే నిటారుగా కూర్చునేది. మా ఏడు నేను "వెయ్యి" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆమె నవ్వకుండా "రైట్, వెయ్యి" అని బోర్డు పైన రాశారు. పద్ధతి చిన్నదే. పదిని మన అంచనాతో భాగించాలి, వచ్చినదాన్ని అంచనాతో కలిపి సగం చేయాలి, అదే కొత్త అంచనా. వెయ్యి కాస్తా ఐదువందలైంది. ఐదువందలు రెండువందల యాభై అయింది. బెల్లు కొట్టినా ఆమె ఆపలేదు. తర్వాతి క్లాసువాళ్ళు గుమ్మంలో నిలబడి చూస్తుండగానే బోర్డు అడుగున జవాబు తేలింది.

అప్పుడు నావైపు తిరిగి, "చూశావురా? వెధవ అంచనాతో మొదలుపెట్టినా ఫర్వాలా. ప్రతి వరసలో నిజం చెప్తే చాలు" అన్నారు.

దారిలో ఎక్కడైనా తన చేతే గుణకారం తప్పితే చెరిపేవారు కాదు. ఆ అంకె చుట్టూ సుద్దతో డబ్బా గీసి ముందుకెళ్ళేవారు. "ఇది పుండులాగా మానే తప్పు" అనేవారు. ఆ పద్ధతికి నిజంగానే ఆ గుణం ఉంది. మధ్యలో ఒక వరుస తప్పినా, తర్వాతి వరుసలు నిజాయితీగా చేస్తే లెక్క మళ్ళీ దారిలో పడుతుంది. కాస్త ఎక్కువ దూరం నడవాల్సి వస్తుంది, అంతే.

మానని తప్పుల గురించి చెప్పాల్సి వచ్చినప్పుడు మిరపకాయల్లోకి దిగేవారు. మా క్లాసులో ఎడ్లపాడు నుంచి వచ్చే కుర్రాడొకడు ఉండేవాడు. వాణ్ని లేపారు.

"ఒరేయ్, కళ్ళంలో కాయ రోజుకెంత ఎండుద్ది?"

"అది తడిని బట్టి మేడం. పచ్చిగా ఉన్నప్పుడు తొందరగా దిగుద్ది. ఎండేకొద్దీ నిదానిస్తది."

"అదేరా డిఫరెన్షియల్ ఈక్వేషన్. ఇన్నాళ్ళూ కాళ్ళకింద తొక్కుకుంటా తిరిగావు."

ఇవాళ ఉన్న తడిని బట్టి రేపటి తడి లెక్కగట్టాలి. రేపు మళ్ళీ చూసి ఎల్లుండిది. అలా చిన్న చిన్న అడుగులు వేయాలి. బద్ధకించి, మొదటి రోజు వేగమే చివరిదాకా ఉంటుందనుకుని ఒకే గంతు వేస్తే, కాయలో తడి సున్నాకంటే కిందికి పోయినట్టు లెక్క తేలుతుంది. మావాడు అలాగే చేశాడు. ఆమె వాడి పుస్తకం పైకెత్తి పట్టుకున్నారు.

"సున్నాకంటే తక్కువ తడున్న కాయని మీ నాయన ఎప్పుడన్నా మిర్చి యార్డుకేశాడా? ఇది కాయ తప్పా? మధ్యలో పోయి చూడని నీ తప్పా?"

అన్నిటికంటే తక్కువ ఖర్చు, అన్నిటికంటే మంచి దారి వెతికే లెక్కలు కూడా ఆ పేపరులోనే ఉండేవి. కళ్ళకు గంతలు కట్టుకుని కొండ దిగుతున్నామనుకోండి. కాలికి ఎటు పల్లం తగిలితే అటు అడుగేస్తాం. ఎటూ పల్లం తగలని చోటు వస్తే కిందికి చేరినట్టేనా అని అడిగారు. మాచర్ల వైపు నుంచి వచ్చిన ఒకమ్మాయి, వాళ్ళ నాన్న రాళ్ళు కొట్టేవాడు, కూర్చున్నచోటునుంచే "కాదు మేడం, క్వారీ గుంటలో పడుంటాం" అంది. "శభాష్. గుంటలో కూర్చుని ఊరొచ్చిందనుకోమాకండి" అన్నారు మేడం.

మన కాలేజీలు ఆ గుంటలోనే కూర్చున్నాయి. ఆ గుంట పేరు పాస్ పర్సంటేజీ. ఇంకాస్త పైకెక్కి అవతలికి చూద్దామంటే ముందు ఆ అంకె పడిపోతుందని భయం. అందుకని ఎక్కరు. ఎక్కమన్న మనిషిని మాత్రం తోసేస్తారు. ఎలా తోశారో మీకు తెలుసు. అయినా చెబుతాను, మీ పిల్లలు కూడా చదువుతారు గనక.

రెండేళ్ళ కిందట ఇంటర్నల్ పరీక్షలో ఆమె పది వర్గమూలమే అడిగారు. మూడుతో మొదలుపెట్టి వరుసలు చూపించమన్నారు. అందరి దగ్గరా కాలిక్యులేటర్లున్నాయి. జవాబు 3.1623 అని అవి ఒక్క నొక్కుతో చెప్పేస్తాయి. అందరికీ తెలిసిన జవాబునే అడగడంలో ఆమె ఉద్దేశం స్పష్టం. ఆ పేపర్లలో ఆమె దిద్దదలుచుకున్నవి మధ్య వరుసలు.

దాదాపు క్లాసంతా ఇలా రాసింది: 3, 3.05, 3.10, 3.15, ఆపైన జవాబు. మెట్లెక్కినట్టు, సమానంగా, చూడముచ్చటగా. ఆ పద్ధతి అలా నడవదు. మూడుతో మొదలుపెడితే మొదటి అడుగులోనే 3.1667కు పోయి, జవాబును కాస్త దాటి, వెనక్కి వస్తుంది. ఒక్క వరుస చేసినవాడికైనా అది కనబడుతుంది. అంటే వీళ్ళు ఒక్క వరుస కూడా చేయలేదు. పైన మొదలు రాసి, కింద జవాబు రాసి, నడుమ ఖాళీని నింపారు. ఇది పిల్లలకు సొంతంగా పుట్టిన బుద్ధి అనుకోను. ఊళ్ళో ఒక ట్యూషన్ సెంటర్లో దీన్ని 'ట్రిక్కు' అని నేర్పారు. దిద్దేవాళ్ళు చివరి లైనే చూస్తారని చెప్పి పంపారు.

ఒక్క పేపరు వేరుగా ఉంది. అది వినుకొండ రోడ్డులో లారీలు బాగుచేసే మెకానిక్ భాయ్ కూతురిది. మొదటి వరుసలో అంకెలు తారుమారై 3.1667 బదులు 3.6167 పడింది. తప్పే. కానీ అక్కణ్నుంచి ప్రతి వరుసా చేత్తో చేసింది. 3.1908, తర్వాత 3.1624, ఆ తర్వాత జవాబు. మేడం ఆ తప్పు చుట్టూ ఎర్రసిరాతో డబ్బా గీసి పూర్తి మార్కులు వేశారు. నింపుడు వరుసలకు సున్నాలు వేశారు. ఇంటర్నల్‌లో సగం మార్కులు ఆ ప్రశ్నవే.

మర్నాటికి మీరంతా స్టాఫ్ రూములో ఉన్నారు. పాత విద్యార్థుల సంఘం తరఫున నన్నూ పిలిచారు కాబట్టి నేనూ ఉన్నాను. ముందు మాట్లాడింది ట్యూషన్ సెంటర్ పెద్దమనిషి.

"ఏంది మేడం ఇది? జవాబు కరెక్టుగా వచ్చినోడికి సున్నా ఏంది, తప్పు రాసిన పిల్లకి ఫస్టు మార్కులేంది?"

"జవాబు నా ఫోను కూడా చెప్పుద్ది నాయనా. దానికీ డిగ్రీ ఇద్దామా?"

వెనకనుంచి ఎవరో గొణిగారు. "ఆ పిల్లెవరో చూశారుగా, మేడం గారికి వాళ్ళంటే..."

"ఎవరది? ముందుకొచ్చి అను. నేను దిద్దింది నంబరుని. ఆ నంబరు ఎవరిదో మార్కులేశాక తెలిసింది నాకు. నీకు దిద్దకముందే తెలుసుద్దేమో, నువ్వొచ్చి దిద్దు."

అప్పుడు ఒక లారీ డ్రైవరు, రొంపిచెర్ల ఆయన, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "నాకర్థమైంది మేడం. తిరగని ట్రిప్పుకి ఇంట్లో కూర్చుని కిలోమీటర్లు రాసినట్టు రాశారు మావోళ్ళు" అన్నాడు. మేడం మొహం వెలిగింది. "అదే నాయనా, అదే" అన్నారు. ఆయన తల గోక్కుని, "అర్థమయితే మాత్రం ఏం జేసేది మేడం. మావోడు పాసవ్వాల గదా" అని, పక్కవాడి దగ్గర పెన్ను తీసుకుని, ఆ సున్నాలు కొట్టేసి మేడంని ఆ క్లాసునుంచి తప్పించాలన్న అర్జీ మీద సంతకం పెట్టాడు.

ఆ డ్రైవరు మీద నాకు కోపం లేదంటే అబద్ధమవుతుంది. తెలియక పెట్టిన సంతకాన్ని క్షమించవచ్చు. అర్థమయ్యాక పెట్టిన సంతకాన్ని ఏం చేయాలి? ఆ రోజు మీలో చాలామందికి అర్థమైంది. మీ మొహాలు చూశాను నేను.

ఆ తర్వాత కమిటీ అన్నారు. అందులో లెక్కల మనిషి ఒక్కరూ లేరు. చివరి జవాబు సరిపోతే పూర్తి మార్కులనీ, వరుసల్లో ఎర్రసిరా డబ్బా పడిన తప్పుంటే మాత్రం ఆ ప్రశ్నకు సున్నా అనీ కమిటీ తేల్చింది. దొంగ వరుసలన్నీ పాసయ్యాయి. ఒళ్ళు వంచి లెక్క చేసిన పిల్ల ఒక్కతే తప్పింది. ఇంటర్నల్‌కు మళ్ళీ పరీక్ష లేదన్నారు. ఆమె డిగ్రీ ఆనాటినుంచీ ఆగి ఉంది. పీజీ చదవాలనుకున్న పిల్ల మందుల షాపులో బిల్లులు కొడుతోంది.

మేడం నుంచి ఆ పేపరు తీసేశారు. దాని స్థానంలో కంప్యూటర్ పేపరు పెట్టి, కాలం మారిందన్నారు. ఆమెకు కంప్యూటరంటే పడదని మీలో కొందరు ప్రచారం చేశారు. సిగ్గుపడండి. ఆమె ఆ వయసులో కూర్చుని ప్రోగ్రాం రాయడం నేర్చుకున్నారు. మిరపకాయ లెక్కే అందులో పెట్టి, పెద్ద గంతు వేయించి, సున్నాకంటే తక్కువ తడిని తెరమీద నాకు చూపించారు. "చూడు, మిషనూ అదే తప్పు చేసింది. కాకపోతే తొందరగా చేసింది" అని నవ్వారు. ఆ గొడవ తర్వాత ఆమె నవ్వడం నేను చూసింది తక్కువ.

ఆ రెండేళ్ళూ ఆమె చేసిన పని ఒక్కటే. ఆ పేపర్లు బయటి కాలేజీ లెక్కల మనిషి చేత మళ్ళీ దిద్దించమని తిరగడం. అర్జీ ఇవ్వడం, జవాబు రాకపోతే మళ్ళీ ఇవ్వడం. వెళ్ళినప్పుడల్లా పరీక్షల విభాగంలోకి తొంగిచూసి, "ఆ కట్ట ఉందా బాబూ" అని అడిగేవారు. పాత జవాబు పేపర్లను కాలేజీలు చిత్తుకాగితాల కింద తూకానికి వేస్తాయి. ఆ కట్ట పోతే ఆ అమ్మాయి చేసిన లెక్కకు సాక్ష్యం పోతుంది. ఆమె భయమంతా అదే.

ఒకసారి నా ముందే మెకానిక్ భాయ్ కూతుర్ని పిలిపించి మాట్లాడారు.

"అమ్మాయ్, వేరే కాలేజీలో మొదటినుంచీ చేరతావా? ఫీజు సంగతి నేను చూస్తా."

"చేరను మేడం. చేరితే నా లెక్క తప్పని నేనే ఒప్పుకున్నట్టు గదా."

"ఇట్టా ఎదురుచూస్తే చదివిన మూడేళ్ళూ పోతయ్యే."

"మీరేగా అన్నది, ఎక్కువ వరసలు పట్టినా ఫర్వాలేదని."

మేడం కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకున్నారు. పిల్ల వెళ్ళిపోయాక నాతో, "నేను చెప్పింది లెక్క గురించిరా. లెక్కకి వయసు పోదు, పిల్లకి పోద్ది" అన్నారు. తన మాట తనకే ఎదురు తిరిగితే దాన్ని అందంగా దాటేసే మనిషి కాదామె.

మొన్న ఆదివారం సంతాపసభ పెట్టారు. ఫ్లెక్సీ ఆ ట్యూషన్ సెంటర్ వాళ్ళే వేయించారు. ఆమె ఫోటో ఎంత ఉందో వాళ్ళ ఫోన్ నంబరూ అంత ఉంది. మైకులో ఒకాయన గొంతు వణికిస్తూ, "మేడం జీవితంలో ఒక్క తప్పు కూడా చేయలేదు" అన్నాడు. ఆ మనిషిని అంతకంటే అవమానించడం ఎవరివల్లా కాదు. బోర్డు నిండా తప్పులు చేసి, వాటి చుట్టూ డబ్బాలు గీసి, ముప్ఫై ఏళ్ళు పిల్లలకు చూపించిన టీచరు ఆమె. మెకానిక్ భాయ్ కూతురు గోడవారన నిలబడి ఉంది. మాట్లాడతానని చెయ్యెత్తితే టైమ్ లేదన్నారు.

సభ అయ్యాక నేను పరీక్షల విభాగానికి వెళ్ళి అడిగాను. గుమస్తా బీరువా పైకి చూపించాడు. "ఉందన్నా, ఆ కట్ట ఉంది. అయితే వచ్చే నెల్లో పాతవన్నీ తూకానికేస్తున్నారు. మేడం గారు అడుగుతా ఉండేవాళ్ళని ఇన్నాళ్ళూ పక్కన పెట్టా. ఇక నన్నెవరడుగుతారు?"

నేను అడుగుతున్నాను. మీరూ అడగాలి. కావలసినవి ఇవీ:

ఆ కట్టను తూకానికి వేయవద్దు. సీలు వేసి ప్రిన్సిపాల్ గదిలో పెట్టాలి.

ఆ పేపర్లన్నిటినీ, పేర్లు లేకుండా నంబర్లతో, బయటి కాలేజీ లెక్కల అధ్యాపకుడి చేత మళ్ళీ దిద్దించాలి. మధ్య వరుసలకు మార్కులుండాలి.

దొంగ వరుసలు నేర్పిన ట్యూషన్ సెంటర్ మనిషిని కాలేజీకి సంబంధించిన ఏ కమిటీలోనూ కూర్చోబెట్టవద్దు.

న్యూమరికల్ మెథడ్స్ పేపరు తిరిగి పెట్టాలి. కంప్యూటర్ పేపరు కూడా ఉండనివ్వండి.

ఆ రోజు సంతకం పెట్టినవాళ్ళు, దాన్ని వెనక్కి తీసుకుంటున్నామని రాసి, మళ్ళీ సంతకం పెట్టాలి.

మెకానిక్ భాయ్ కూతురికి రావలసిన మార్కులు వేసి, ఆమె డిగ్రీ ఆమె చేతికివ్వాలి. దానికి సభ పెట్టవద్దు. ఫోటోలు తీయవద్దు.