పాలు పొంగేలోపు

మొన్న మా ఇంట్లో పాలు మాడిన వాసనకు నాలుగు వీధుల జనం ముక్కులు మూసుకున్నారు. నాకు మాత్రం జగ్గయ్యపేటలో మా వంటింటి కట్టెల పొయ్యి గుర్తొచ్చింది.

పన్నెండుమంది తినే ఆ ఇంట్లో అమ్మకు రోజు మొత్తం మీద దొరికే తీరిక, పొద్దున్నే తపేలాలో పాలు పొంగేంతసేపే. ఆ కాసేపూ పీట మీద వెన్ను నిటారుగా పెట్టి కళ్ళు మూసుకునేది. మునులు వెయ్యేళ్ళు చేసే తపస్సును ఆవిడ రెండు శేర్ల పాలతో ముగించేది. ఏడేళ్ళ నేను మాత్రం, పాపం, కూర్చునే నిద్రపోతోందనుకున్నాను.

ఒకరోజు జాలి పుట్టి, పొయ్యిలో మండుతున్న కట్టెనొకదాన్ని మెల్లగా బయటికి లాగాను. మంట తగ్గింది. పాలు మంచుకొండలా కదలక మెదలక కూర్చున్నాయి.

ఆఫీసుకు బయల్దేరిన నాన్న వసారాలోంచి పెట్టిన కేక ముక్త్యాల దాకా వినపడి ఉంటుంది.

"ఏమేవ్, కాఫీ ఏదీ? నందిగామ బస్సు నాకోసం ఆగుద్దా?"

గబగబా కట్టెను మళ్ళీ లోపలికి తోయబోయాను. అమ్మ కళ్ళు తెరవలేదు. పెదవులు మాత్రం కదిలాయి.

"ఉండనీవే. ఆ రెండోది కూడా లాగు."

లాగాను. ఆరోజు నాన్న కాఫీ తాగకుండానే బస్సెక్కారు.

నిద్రలో కూడా పొయ్యిలో కట్టెలు కనిపెట్టగల అమ్మ ప్రపంచంలో నాకొక్కదానికే ఉందని బళ్ళో చాలాకాలం గొప్పలు పోయాను. అది ధ్యానమని, నాకూ ఒక వంటిల్లు వచ్చాక గానీ తెలియలేదు.