చీకటి గుహ చివరి ఆదివారం

మొయినాబాద్ దాటాక చేవెళ్ళ వెళ్ళే దారిలో, రోడ్డుకు కిలోమీటరు లోపలికి ఒక పార్కు ఉంది. అందులో ‘చీకటి గుహ’ అనే పాత రైడ్‌ను తీసేసి, దాని స్థానంలో తెర హాలు కడతారని రెండు నెలల క్రితం తెలిసింది. కళ్ళజోడు పెట్టుకుని, కదిలే కుర్చీలో కూర్చుని చూసే హాలు. ఆ వార్తతో మా వాట్సాప్ గ్రూప్ రెండుగా చీలిపోయింది.

మాది థీమ్ పార్కుల పిచ్చి ఉన్నవాళ్ళ గ్రూప్. అందరం పెద్దవాళ్ళమే. నాకు నలభై అయిదేళ్ళు, మెహదీపట్నంలో ఒక ల్యాబ్‌లో రక్తపరీక్షలు చేస్తాను. చీకటి గుహ మొదలైనప్పుడు నేను కాలేజీలో ఉన్నాను. నాలుగు పెట్టెల చిన్న రైలు, సిమెంటుతో కట్టిన కొండలోకి దూరుతుంది. లోపల రాక్షసులు, అస్థిపంజరాలు, మెడ మీద తగిలే దారాలు, ఉన్నట్టుండి ముఖాన పడే నీటి తుంపర. అంతా కలిపి మూడు నిమిషాలు. ఏటా ఒక్కసారైనా ఎక్కకుండా ఉండలేదు. అందుకే ‘గుహను తీయకండి’ అని విన్నపం రాసింది కూడా నేనే. చాలామంది సంతకాలు పెట్టారు. నెల క్రితం కాపీ ఒకటి మెయిల్‌లో పంపాం. అసలు కాగితాలు మేనేజర్ చేతికే ఇద్దామని, ఓ ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకు కలిసేలా మాట్లాడుకున్నాం.

ఉదయం ఏడున్నరకు మెహదీపట్నం బస్టాపుకు చేరాను. గ్రూప్‌లో ఉన్న స్వాతి అక్కడికి వస్తానని చెప్పింది. లంగర్‌హౌస్ అమ్మాయి, ఇరవై ఆరేళ్ళు, ఫోన్ కాల్స్ తీసుకునే ఉద్యోగం. గ్రూప్‌లో ఎప్పుడూ టైప్ చేసేది కాదు, గొంతు రికార్డు చేసి పంపేది. ముఖం ఎలా ఉంటుందో నాకు తెలియదు. “స్వాతీ, ఎక్కడున్నావు?” అని ఫోన్‌లో అడుగుతుంటే, నాలుగడుగుల దూరంలో తెల్ల కర్ర పట్టుకుని నిలబడిన అమ్మాయి నా వైపు తిరిగింది.

“పద్మక్కా! గొంతు గుర్తువట్టిన” అంది.

ఆమెకు చూపు లేదని నాకు అప్పుడే తెలిసింది. ఆ సంగతి ఆమెకు అర్థమైనట్టుంది.

“గ్రూప్‌ల ఎవ్వరికి చెప్పలే అక్కా. చెప్తే నాతోని కొట్లాడుడు బంద్ జేస్తరు” అని నవ్వింది.

ఎనిమిదింటికి చేవెళ్ళ బస్సు వచ్చింది. ఆధార్ చూపించి, ఆడవాళ్ళకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్లు తీసుకున్నాం. మా పక్క సీట్లో ఒక అవ్వ, కాళ్ళ దగ్గర ఖాళీ గంపలు. తెల్లవారకముందే రైతుబజారుకు కూరగాయలు తెచ్చి, అమ్ముకుని ముడిమ్యాలకు తిరిగి వెళ్తోంది. మేం ఎక్కడికని అడిగితే చెప్పాను.

“గా పార్కు కట్టేటప్పుడు మన్ను మోసిన బిడ్డా. లోపలికి మాత్రం ఎన్నడు పోలే” అంది. గంపలు సర్దుకుంటూ, “దయ్యాలను చూసుటానికి పైసలిచ్చి పోతరా?” అని అడిగింది.

“పోతం అవ్వా. నాకైతే కనవడయి కూడ, అయినా పోత” అంది స్వాతి. అవ్వ ఆమె చెయ్యి పట్టుకుని మొయినాబాద్ వచ్చేదాకా వదల్లేదు.

ఆదివారం కావడంతో అజీజ్‌నగర్ దగ్గర కార్లు బారులు తీరాయి. మొయినాబాద్‌లో దిగేసరికి తొమ్మిదీ పది. బస్టాపు ఎదురుగా చిన్న హోటల్లో ఇడ్లీ, అల్లం చట్నీ, టీ. చట్నీ బాగా ఘాటుగా ఉంది. అక్కడి నుంచి షేర్ ఆటో, మనిషికి ముప్పై రూపాయలు. పదికల్లా పార్కు గేటు ముందు ఉన్నాం. అప్పటికే మావాళ్ళు తొమ్మిదిమంది వచ్చారు.

గుహ పదకొండింటికి గానీ తెరవరు. ఆదివారం ఎప్పుడూ అంతే. దాన్ని నడిపే శామ్యూల్ గారిది ముడిమ్యాల. ఉదయం చర్చిలో ఆరాధన అయ్యాకే డ్యూటీకి వస్తారు. ఆ గంటసేపు క్యాంటీన్‌లో కూర్చున్నాం. రెండు నెలలుగా ఫోన్లలో నడిచిన వాదన అక్కడ ఎదురెదురుగా మొదలైంది.

తెర హాలు పక్షాన గట్టిగా మాట్లాడేది కిరణ్. గండిపేటలో ఉంటాడు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. నాలాగే అతని తల్లిదండ్రులూ కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ళు.

“పద్మగారూ, మీకు గుహ అంటే మీ కాలేజీ రోజులు. మా అపార్ట్‌మెంట్ పిల్లలకి అది దుమ్ము పట్టిన బొమ్మల కొట్టు. లోపల కూర్చుని ఫోన్లు చూసుకుంటున్నారండీ. పిల్లలు రాకపోతే పార్కే మూసేస్తారు. అప్పుడేం చేస్తాం?”

“పాతవన్నీ తీసేస్తే ఇక్కడికే రావడం దేనికి కిరణ్? తెర ఇంట్లో కూడా ఉందిగా” అన్నాను.

“ఇంట్లో కుర్చీ కదలదు కదండీ!”

అందరూ నవ్వారు. అంతవరకు చప్పుడు చేయకుండా టీ తాగుతున్న స్వాతి గ్లాసు కింద పెట్టింది.

“కిరణన్నా, నాకు కండ్లు కనవడయి. గా కొత్తదాంట్ల కూసోని నేనేం జెయ్యాలె?”

కిరణ్ ఆమె గొంతు పోల్చుకున్నాడు. గ్రూప్‌లో అతనితో అందరికంటే ఎక్కువ పోట్లాడింది ఆమే. కర్ర వైపు అప్పుడే చూశాడు.

“తొమ్మిదేండ్లప్పుడు స్కూలోల్లు తీస్కొచ్చిన్రు. అందరికి చీకటైంది, నాకు కొత్తేం గాదు. అందరు ఒర్రుతున్నరు, నేను నవ్వుతున్న. ఆ మూడు నిమిషాలు నేనే వాళ్ళకు ధైర్యం చెప్పిన. గట్ల ఇంకేడ కాలే నాకు. గందుకే మల్ల మల్ల వస్తున్న” అంది స్వాతి.

విన్నపం ఉన్న ఫైలు నా ఒళ్ళో ఉంది. ఇంతకంటే మంచి కారణం ఏ పేజీలోనూ లేదనుకున్నాను. ఇక గెలిచినట్టే అని కూడా అనుకున్నాను.

పదకొండూ పదికి శామ్యూల్ గారు వచ్చారు. యాభై ఏడేళ్ళ మనిషి, ఆరాధనకు వేసుకున్న తెల్ల చొక్కా మీదే పార్కు వాళ్ళ నీలం కోటు. పార్కు కట్టేటప్పుడు కూలీగా వచ్చి, రైడ్ మొదలైన రోజు నుంచి దాన్నే నడుపుతున్నారు. స్వాతిని చూడగానే, “వచ్చినవా బిడ్డా” అని పలకరించి, ముందుగా ఖాళీ రైలును ఒకసారి తిప్పి తెచ్చారు. బయటికి వచ్చిన రైలును చూస్తూ ఏదో ఆలోచనలో పడ్డారు.

మొదటి విడతలో కిరణ్, ఇంకో ముగ్గురు ఎక్కారు. రెండో విడత మాది. రైలు గుహలోకి వెళ్ళింది. నిమిషం గడిచాక లోపల ఏదో విరిగిన చప్పుడు, ఆ వెంటనే కేకలు. ఎప్పుడూ వినిపించే కేకలు అలా ఉండవు.

శామ్యూల్ గారు కరెంటు ఆపి, టార్చ్ తీసుకుని లోపలికి పరుగెత్తారు. “లేవకుండ్రి! కూసున్నకాడనే కూసోండ్రి!” అని అరుస్తూనే వెళ్ళారు. స్వాతి నా చేతిని గట్టిగా పట్టుకుంది. కాసేపటికి నలుగురూ పట్టాల మీదుగా నడుచుకుంటూ బయటికి వచ్చారు. కిరణ్ మోకాలు చీరుకుని రక్తం కారుతోంది. మిగతావాళ్ళకు ఏమీ కాలేదు. మలుపు దగ్గర ముందు పెట్టె పట్టా తప్పి గోడకు ఆనుకుందట.

నా బ్యాగులో ఎప్పుడూ దూది, మందు ఉంటాయి. కిరణ్ మోకాలికి కట్టు కడుతుంటే శామ్యూల్ గారు పక్కనే కూర్చున్నారు.

“మూడుసార్లు చెప్పిన అమ్మా మేనేజర్ సారుకు, ఇది బంద్ జేయున్రి అని. పట్టాల కింది చెక్కలు పుచ్చినయి. సామాను యాడ దొరుకతలేదు. చేవెళ్ళల లేత్ షాపుకు పోయి నేనే చేపిచ్చి బిగిస్తున్న. రోజు ఖాళీగ తిప్పి చూసి, దేవుని మీద భారమేసి జనాలను ఎక్కిచ్చుకుంటున్న.”

“మరి ఎందుకు ఆపలేదు?” అని అడిగాను.

ఆయన నా వెనక్కి చూపించారు. జవాబు మేనేజర్ దగ్గర దొరికింది. చప్పుడు విని అప్పటికే అక్కడికి వచ్చాడు. నలభైలోపు మనిషి, ముఖం పాలిపోయి ఉంది. కిరణ్‌కు క్షమాపణ చెప్పాక నా చేతిలోని ఫైలు చూశాడు.

“మీరేనా మేడం, పద్మగారు? పోయిన నెలలోనే ఆపుదామనుకున్నాం. మీ మెయిల్ వచ్చింది. ఇంతమంది అడుగుతున్నారు, సీజన్ అయ్యేదాకా నడుపుదాం అని పైవాళ్ళు అన్నారు. శామ్యూల్ చెప్పిన మాట వినాల్సింది. తప్పు మాదే.”

తప్పు తమదేనని అతను అన్నా, నా చెవుల్లో మిగిలింది దానికి ముందు మాట. అంత ప్రేమతో రాసిన ఆ రెండు పేజీల్లో, దాన్ని రోజూ నడిపే మనిషిని నేను ఒక్క మాటా అడగలేదు. ఆయన పేరైనా రాయలేదు. సిగ్గేసింది. సిగ్గు కంటే ఎక్కువగా భయమేసింది. రెండో విడతలో స్వాతి పక్కన కూర్చోవాల్సింది నేనే.

రెండింటిదాకా ఆగలేదు. క్యాంటీన్ బల్ల మీదే ఫైలు తెరిచి, ‘గుహను తీయకండి’ అన్న వాక్యాన్ని కొట్టేసి, ‘ఇవాళే ఆపండి’ అని రాశాను. గుహ పక్షం వాళ్ళలో ఇద్దరికి నచ్చలేదు. “బాగు చేయమని అడగొచ్చుగా” అన్నారు.

“ఏం బాగు చేస్తరన్నా? పట్టాలు, చెక్కలు, పెట్టెలు అన్ని మార్చినంక మిగిలేదేంది? బొమ్మలే” అన్నారు శామ్యూల్ గారు.

అప్పుడు స్వాతి అంది: “నాకు గీ గుహనే కావాలని లేదు అక్కా. పట్టుకుంటే తెలిసేది ఏదన్న ఒకటి కావాలె. గంతే రాయి.”

ఏం రాయాలో నాకంటే కిరణ్‌కే బాగా తెలిసింది. కట్టు కట్టిన కాలు పక్క కుర్చీ మీద చాపుకుని, నా పెన్ను తీసుకుని రాశాడు. కొత్త హాలులో గాలి, నీళ్ళు, వాసన, కుర్చీ కింది అదురు, చుట్టూ తిరిగే శబ్దం, ఇవన్నీ తెర లేకపోయినా కథ తెలిసేలా ఉండాలి. కట్టకముందు చూపు లేనివాళ్ళను పిలిచి అడగాలి. “రెండు నెలలుగా దీని గురించి వాదిస్తున్నాను. ఇది మాత్రం నాకు తట్టలేదండీ” అన్నాడు స్వాతితో.

“నాతోని కొట్లాడుడు బంద్ జేయకు మళ్ళ” అంది ఆమె.

మేనేజర్ కాగితం చదివి, పైవాళ్ళకు పంపుతానని, స్వాతి నంబర్ రాసిమ్మని అడిగాడు. అంతకుమించి మాట ఇవ్వలేదు. గుహ మాత్రం ఆ రోజు నుంచే మూసేశారు. శామ్యూల్ గారిని అలల కొలను దగ్గరికి మారుస్తామంటే, “నాకు ఈతే రాదు సారూ” అన్నారు. చివరికి గేటు దగ్గర డ్యూటీ ఇస్తామన్నారు.

క్యాంటీన్ భోజనం సాధారణం. సాంబారు ఒక్కటే బాగుంది. మూడున్నరకు బయలుదేరుతుంటే స్వాతి శామ్యూల్ గారి దగ్గరికి వెళ్ళి, లోపలికి ఒక్కసారి నడిచి వెళ్ళొచ్చా అని అడిగింది. ఆయన మేనేజర్ వైపు చూశారు. మేనేజర్ ఒప్పుకున్నాడు, రైలు ఆగిన మలుపు దాకా మాత్రమే.

దీపాలన్నీ వేశారు. వెలుతురులో ఆ గుహను నేను మొదటిసారి చూశాను. మరకలు పట్టిన గోడలు, ఊడిన రంగు, తీగలు. స్వాతి శామ్యూల్ గారి మోచెయ్యి పట్టుకుని ముందు నడిచింది. ఆయన ఒక్కో బొమ్మ దగ్గర ఆగి ఆమె చేతిని దాని మీద పెట్టారు. “ఇది అస్థిపంజరం. ఇది చేయి. ఇగో, ఇది పెద్ద రాక్షసుడు.” ఆమె వేళ్ళు కోరల మీద, ముక్కు మీద, కొమ్ముల మీద నెమ్మదిగా తిరిగాయి. కొమ్ములు ఆమె భుజం దాకా కూడా రాలేదు.

“గింతేనా?” అంది. “ఇన్నేండ్లు నేను తాడిచెట్టంత అనుకున్న!”

శామ్యూల్ గారు పకపకా నవ్వారు. కాసేపటికి నీలం కోటు అంచుతో కళ్ళు తుడుచుకున్నారు.

నాలుగున్నరకు మొయినాబాద్‌లో మెహదీపట్నం బస్సు ఎక్కాం. కిరణ్ కారులో దింపుతానన్నాడు గానీ, స్వాతికి కిటికీ పక్క గాలి కావాలట. ఆదివారం సాయంత్రం ఈ దారిలో రద్దీ ఎక్కువ. వెళ్ళదలచినవాళ్ళు నాలుగుకు ముందే తిరుగు ప్రయాణం పెట్టుకోవడం మంచిది. అజీజ్‌నగర్ దాటేదాకా నిలబడే ఉన్నాం.

సీటు దొరికాక ఫోన్ తీశాను. గ్రూప్‌లో నూటికి పైగా మెసేజ్‌లు. గెలిచామా, విన్నపం తీసుకున్నారా, గుహ ఉంటుందా అని. సంతకాలు పెట్టినవాళ్ళందరికీ నేనే జవాబు చెప్పాలి. ఒక పొడుగాటి సంజాయిషీ రాసి తుడిపేశాను. ఇష్టమైన దాన్ని కాపాడుకోవడానికి వెళ్ళి, దాన్ని ఆపమని అడిగి వస్తున్నాను. బాధగానే ఉంది, కానీ తప్పు చేశానని అనిపించడం లేదు.

‘గుహను ఈ రోజు మూసేశారు. మూయమని నేనే అడిగాను. పట్టాల సంగతి శామ్యూల్ గారిని అడిగి ఉంటే నెల క్రితమే తెలిసేది’ అని రాసి పంపాను.

“పంపినవా?” అని అడిగింది స్వాతి.

“పంపాను.”

“తిడ్తున్నరా?”

“ఇంకా లేదు.”

“తిట్టనీయి అక్కా. పక్కన నేనున్న గదా” అంది.